ఎర్త్ పెట్టిందెవరు?

ఈపూరు,
10 నవంబరు 2024, ఆదివారం.

బాబాయ్,

వందనాలు. ఒంట్లో ఎలా ఉంది? తింటున్నావా, లేక మానసని సతాయిస్తున్నావా?

నవ్వకు. పదో తరగతి పరీక్షలో రాసిన ఉత్తరం తర్వాత నేను రాస్తున్నది ఇదే. పోస్టాఫీసులో ఇన్లాండ్ లెటర్ అడిగితే ఆయన నా మొహంలోకి రెండుసార్లు చూశాడు. ఏం చెయ్యను? ఆపరేషన్‌లో నీ గొంతు తీసేశాక ఫోన్ చేస్తే నేను మాట్లాడుకోవడమే గానీ నీ వైపు నుంచి ఉలుకూ పలుకూ లేదు. మెసేజ్ పెడదామంటే అది మానస ఫోన్. "మా నాయనకి బండి కబుర్లు చెప్పి బీపీ పెంచమాక అక్కా" అని ముందే చేతులు జోడించింది. పోస్టుమన్ వచ్చే వేళకి ఆమె బళ్ళో పాఠాలు చెబుతుంటుందని ఈ దొంగదారి పట్టాను.

సంగతేమంటే, జీపు డీజిల్ మీటరు పిచ్చిదైపోయింది. పోయించినా సగమే, పోయించకపోయినా సగమే. ఆ ముల్లు సగం దగ్గర అటూ ఇటూ ఊగుతుంది తప్ప కిందికి దిగదు. దాన్ని నమ్మి నరసరావుపేట దారిలో రెండుసార్లు ఆగిపోయాను. నీకు చెప్పేదేముంది, డీజిల్ అయిపోతే మళ్ళీ పోసి తాళం తిప్పితే లేచే బండి కాదు. నట్టు వదులు చేసి, చేత్తో పంపు కొట్టి, గాలంతా తీసేసరికి ముప్పావుగంట.

మంగళ, గురు, శనివారాలు మన మండలం నుంచి నలుగురిని నరసరావుపేట డయాలసిస్‌కి తీసుకెళుతున్నాను. మన కోటమ్మత్త, లెక్కల మాస్టారు మల్లికార్జునరావు గారు, ఇంకో ఇద్దరు. ఎనిమిదిన్నరకల్లా బెడ్ ఎక్కకపోతే ఆ బెడ్ ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఫుల్ ట్యాంకు కొట్టించొచ్చు కదా అంటావు. సగం దాటితే పై అతుకు దగ్గర చెమ్మ కారుతుంది. ఆ వాసనకి కోటమ్మత్తకి వాంతులు. క్యాను వెంట పెట్టుకున్నా అదే గోల. పుల్ల పెట్టి చూద్దామంటే పోసే గొట్టం వంపు దగ్గరే ఆగిపోతుంది. ఎక్కువ పోయిస్తే వాంతి, తక్కువ పోయిస్తే రోడ్డు. ఏం చెయ్యమంటావు?

నీ కృపామణి.


దాచేపల్లి,
16 నవంబరు.

అమ్మాయ్ కృపా,

ముందు తిట్టాల్సింది తిట్టి తర్వాత వైద్యం చెబుతాను. రెండుసార్లు ఆగేదాకా ఏం చేస్తున్నావే? నీకు స్టీరింగు పట్టుకోవడం నేర్పిన రోజే చెప్పానా లేదా, బండి ఒకసారి మొరాయిస్తే అది బండి తప్పు, రెండోసారి డ్రైవరు తప్పు అని?

సరే, తిట్టడం అయింది. నాకు రాసినందుకు చానా సంతోషం. ఇక్కడ కిటికీ పక్కన కూర్చుని సిమెంటు లారీలు లెక్కపెట్టడం తప్ప నాకు పని లేదు. మాట్లాడ్డానికని మానస ఒక పలక కొనిచ్చింది. చిన్నప్పుడు పలకిస్తే బలపం తినేవాణ్ణి, మళ్ళీ డెబ్భై ఏళ్ళకి అదే నా చేతికొచ్చింది. రాసి చూపించేలోపు ఎదుటివాళ్ళు వేరే మాటలోకి వెళ్ళిపోతారు. మొన్న వీధిలో ఒకడి మోపెడ్ దగ్గుతుంటే కార్బరేటర్ అని పలక మీద రాసి చూపించాను. వాడు నేను చందా అడుగుతున్నాననుకుని జేబు తడుముకున్నాడు.

ఇక నీ మీటరు. ముందు డ్రైవరు సీటు ఎత్తు. ట్యాంకు పైన గుండ్రటి రేకు మూత, దాని నడుమ నుంచి ఒక వైరు పైకొస్తుంది. ఆ మూత కిందే ఫ్లోటు ఉంటుంది, డీజిల్‌తో పాటు పైకీ కిందికీ తేలుతూ. తాళం ఆన్ చేసి ఆ వైరు పీకు. నీ బండికైతే ముల్లు ఫుల్ దాటి పోవాలి. తర్వాత ఆ వైరు కొసని దూరంగా బాడీ మీద గీకిన ఇనుముకి ఇలా తాకించి అలా తీసెయ్. ముల్లు ఖాళీకి పడిపోవాలి. ఈ రెండూ జరిగితే మీటరూ వైరూ బాగున్నట్టే, రోగం ట్యాంకు దగ్గరుంది. జరక్కపోతే డాష్‌బోర్డు వెనకుంది. ఒక్కదానివే చెయ్యకు, ముల్లు చూడ్డానికి ఒకరిని కూర్చోబెట్టు. డీజిల్ మూత బిగించి ఉంచు.

ఇంకో మాట. ఈ మధ్య ట్యాంకు ఎవరన్నా దించారా? అది రాయలేదు నువ్వు. రోగి దగ్గర దాచొచ్చు, వైద్యుడి దగ్గర దాచకూడదు.

గురవయ్య.


ఈపూరు,
24 నవంబరు, ఆదివారం.

బాబాయ్,

చేశాను! సీటు ఎత్తి నేను వెనక, స్టీరింగు ముందు మల్లికార్జునరావు మాస్టారు. వైరు పీకగానే ఆయన "పైకి! పైకి! ఫుల్ దాటింది!" అని ఒకటే కేకలు. బాడీకి తాకించగానే "పడింది! సున్నా!" అని చప్పట్లు. రోడ్డు మీద పోయేవాళ్ళు క్రికెట్ చూస్తున్నామనుకున్నారు. వైరు మళ్ళీ పెట్టేస్తే ఎప్పటిలా సగం దగ్గరే ఊగులాట.

ట్యాంకు సంగతి అడిగావు. దసరా ముందు అడుగున చిల్లు పడితే మన సర్దార్ దించి, అతికి, నల్లరంగు కొట్టి, కింద రబ్బరు వేసి బిగించాడు. నీ షెడ్డు వాడికి అప్పగించి వెళ్ళావు కదా, ఇంకెవరి దగ్గరికి పోతాను? ఆ పై అతుకు కూడా వెయ్యమన్నాను గానీ, రేకు పల్చబడింది, ముట్టుకుంటే ఊడొస్తుందన్నాడు.

వైద్యుడి దగ్గర దాచకూడదన్నావు కాబట్టి ఇంకొకటి చెబుతున్నాను. మొదటి ఉత్తరంలో రాయడానికి చెయ్యి రాలేదు. రెండోసారి ఆగిన రోజు మేం పేట చేరేసరికి తొమ్మిదిన్నర. ముగ్గురికి ఎలాగో సర్దారు, కోటమ్మత్తకి బెడ్ దొరకలేదు. శనివారం దాకా ఆగమన్నారు. శుక్రవారానికే ఆమె కాళ్ళు ఉబ్బిపోయి, ఊపిరి అందక, రెండు దిండ్లు ఆనుకుని కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. "ఇంకొక్కసారి దార్లో ఆగిందంటే నేనిక రాను కృపా. బస్సు ఎక్కలేను, ఆటోలో కుదుపులు తింటా అంత దూరం కూర్చోలేను. ఇంట్లోనే పడుంటా" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకి భయం కూడా లేదు బాబాయ్. తిరిగొచ్చేటప్పుడు జీపు వెనక సీటులో పడుకోగలదు కాబట్టే ఆమె ఇన్నాళ్ళూ వస్తోంది.

నాకు ఆ ముల్లు బాగుపడాలి. అంతే.

కృపామణి.


దాచేపల్లి,
2 డిసెంబరు.

కృపా,

మానస ఈ రోజు బడి నుంచి తొందరగా వస్తుందట, నాలుగు ముక్కల్లో రాస్తున్నాను. కోటమ్మ సంగతి చదివి అన్నం సహించలేదు.

మీటరు మంచిది, వైరు మంచిది. ఇక దాచిపెట్టడానికేం లేదు, నీ తంటా అంతా ఎర్త్‌తోనే వచ్చింది. ట్యాంకు మీద చెయ్యి వేసింది సర్దార్ ఒక్కడే గదా. ఎర్త్ పెట్టావా లేదా అని వాణ్ణే నిలదీసి అడుగు. మొహమాటపడకు. నేనడగమన్నానని చెప్పు. నా పేరు చెబితే వాడు అబద్ధమాడడు.

గేటు చప్పుడయింది.

గురవయ్య.


ఈపూరు,
15 డిసెంబరు, ఆదివారం.

బాబాయ్,

నువ్వు చెప్పినట్టే చేశాను. చేసి కొంప ముంచుకున్నాను.

నీ ఉత్తరం చదవగానే నాకు కళ్ళు తెరుచుకున్నాయి అనుకున్నాను. సర్దార్ బావ రఫీక్ ఈ మధ్యే ఆటో కొన్నాడు. "ఆ ముసలి జీపులో ఏం తిప్పుతావులే అక్కా, పేషెంట్లని నాకు వదిలెయ్" అని స్టాండులో నవ్వుతూ అన్నాడు కూడా. బావ కోసం బామ్మర్ది నా బండికి ఎర్త్ పెట్టాడన్నమాట! కావాలనే మీటరు చెడగొట్టాడన్నమాట! అన్నం పెట్టిన చేతినే కదా నరికాడు అనుకున్నాను. వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు పది రోజులు నేనే క్యారేజీ మోశాను.

నేరుగా షెడ్డుకి వెళ్ళాను. టీకొట్టు దగ్గర పదిమంది ఉన్నారు. అయినా ఆగలేదు.

"ఒరేయ్ సర్దార్, సూటిగా చెప్పు. నా బండికి ఎర్త్ పెట్టావా లేదా?"

వాడు పానా పట్టుకుని అలాగే లేచి నిలబడ్డాడు. "ఏందక్కా ఆ మాట? నీ బండికి నేనెందుకు పెడతా ఎర్త్?"

"గురవయ్య బాబాయే అడగమన్నాడు."

ఆ పేరు వినగానే వాడి మొహం నల్లబడిపోయింది బాబాయ్. "ఉస్తాద్ అన్నాడా ఆ మాట? నా గురించి?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత అందరి ముందూ చెయ్యి పైకెత్తి, "అల్లా మీద ఆన, నా పిల్లల మీద ఆన, నేను ఎర్త్ పెట్టలా. పెట్టలేదంటే పెట్టలా" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు. "ఇయ్యాల్టి నుంచి నీ బండి నా షెడ్డు ముందు ఆపమాక" అని షట్టరు సగం దించేశాడు.

ఇప్పుడు ఊళ్ళో సగం మంది వాడి వైపు, సగం మంది నా వైపు. రఫీక్ కనబడితే మొహం తిప్పుకుంటున్నాడు. ఈ గొడవంతా విని కోటమ్మత్త, "నా మూలాన మీలో మీకు కొట్లాటలెందుకే" అని గురువారం రాలేదు. నిన్న శనివారమూ రాలేదు. గుమ్మం ముందు హారన్ కొట్టి కొట్టి మిగతా ముగ్గురితో వెళ్ళిపోయాను. రేపు ఎల్లుండి ఏమవుతుందోనని గుండెల్లో రాయి పడింది.

వాడు పిల్లల మీద ఒట్టేశాడు. నువ్వేమో వాడే అన్నావు. నేనెవరిని నమ్మాలి?

కృపామణి.


దాచేపల్లి,
18 డిసెంబరు. మానసే స్పీడుపోస్టు చేస్తుంది.

ఓసి నా పిచ్చి తల్లీ!

వాణ్ణే నమ్ము. వాడు చెప్పింది అక్షరాలా నిజం. వాడు ఎర్త్ పెట్టలేదు. అదే నీ బండి జబ్బు!

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది. గొంతులేని నవ్వు కదా, భుజాలు ఎగిరిపడుతుంటే మానస పరిగెత్తుకొచ్చి నాకేదో అయిందనుకుంది. ఉత్తరాలన్నీ బయటపడ్డాయి. ఆమె అన్నీ చదువుతూ, సర్దార్ ఒట్టేసిన చోటికొచ్చేసరికి కాగితం మడిచి, "నాన్నా, నువ్వు రాసింది చదివితే నేనైనా అట్టాగే అనుకునేదాన్ని" అంది. అప్పుడు నా నవ్వు పోయింది.

ఎర్త్ అంటే మనుషులు ఒకళ్ళకొకళ్ళు పెట్టుకునే ఎర్త్ కాదే. వైరు ముక్క! కరెంటు ఒక వైరు మీద ఫ్లోటు దాకా వెళ్ళి, ట్యాంకు రేకు మీదుగా బాడీకి తిరిగి రావాలి. ఆ తిరుగుదారిని మేం ఎర్త్ అంటాం. నీ ట్యాంకు దించి రంగు కొట్టారు, కింద రబ్బరు వేశారు. రంగులోంచీ రబ్బరులోంచీ కరెంటు ఎట్టా వస్తుంది? బోల్టు తుప్పులోంచి అంతో ఇంతో ఈడ్చుకుంటూ వస్తోంది కాబట్టి ముల్లు సగం దగ్గర కొట్టుకుంటోంది. రబ్బరు వేసిన ట్యాంకుకి విడిగా ఒక వైరు పెట్టాలి.

మరి సర్దార్ ఎందుకు పెట్టలేదంటావా? నేను నేర్పలేదు కాబట్టి. ట్యాంకు అదురుకి పగలకుండా రబ్బరు వెయ్యమని పదేళ్ళు చెప్పింది నేను. రబ్బరు వేసిన ప్రతిసారీ వైరు నేనే బిగించేవాణ్ణి, వాడు వేరే పని మీద ఉండేవాడు. అది చెప్పాలని ఒక్కనాడూ తట్టలేదు. ఇప్పుడు వాడి మీద నింద వేయించాను. గొంతే ఉంటే ఫోనులో ఒక్క ముక్కలో తేలిపోయేది కృపా. ఆపరేషన్ అయ్యాక ఏడవని ఏడుపు నిన్న ఏడ్చాను.

ఇప్పుడు చెప్పింది చెయ్యి. జానెడు వైరు తీసుకో. ఒక కొస ఫ్లోటు మూత స్క్రూ కింద, రెండో కొస ఛాసిస్ బోల్టు కింద. రెండుచోట్లా రంగు పోయి ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దు. అంతే. ఈ పాటి పనికి రెండు నెలలు ఏడిపించాం కోటమ్మని.

కానీ వైరుకన్నా ముందు సర్దార్. ఏ పదిమందిలో అడిగావో ఆ పదిమందిలోనే తప్పు ఒప్పుకో. ఈ కాగితం వాడికి చూపించు. ఒరేయ్ సర్దార్, నువ్వు చదువుతున్నావని తెలిసే రాస్తున్నా. తప్పు నాది. నీ పని మీద నాకెప్పుడూ అనుమానం లేదు, లేకపోతే నా షెడ్డు నీ చేతిలో పెడతానా?

కోటమ్మకి నా మాటగా చెప్పు. మంగళవారం ఆమె ఎక్కాలి. ఇది బతిమాలడం.

గురవయ్య.


నరసరావుపేట, ఆస్పత్రి వరండా,
24 డిసెంబరు, మంగళవారం.

బాబాయ్,

బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. నాలుగు గంటలు పడుతుంది వీళ్ళకి, కాబట్టి తీరిగ్గా అన్నీ చెబుతాను.

నీ ఉత్తరం శనివారం సాయంత్రం అందింది. ఆదివారం ప్రార్థన అయ్యాక క్రిస్మస్‌కని చేసిన కేకులో సగం డబ్బాలో పెట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. టీకొట్టు దగ్గర ఆ రోజున్న వాళ్ళు ఆరుగురే ఉన్నారు. మిగతా నలుగురూ వచ్చేదాకా కూర్చున్నాను. ఏం చేస్తాను, పదిమందిలో అన్నావుగా. అందరూ వచ్చాక లేచి, "సర్దార్ తప్పేం లేదు. నేనే సరిగ్గా చదువుకోకుండా నోరు పారేసుకున్నా. తమ్ముడూ, తప్పయిపోయింది" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాననుకో. కానీ చెప్పాక ఒళ్ళు తేలికపడింది.

నీ కాగితం ఇచ్చాను. గోడవైపు తిరిగి చదివాడు. తన పేరు రాసిన చోట చానాసేపు ఆగాడు. తర్వాత డబ్బా మూత తీసి కేకు ముక్క నోట్లో వేసుకుని, "చక్కెర తక్కువైంది" అన్నాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

వైరు మాత్రం వాడు పెట్టనంటే పెట్టనన్నాడు. "నువ్వే బిగించుకో అక్కా. నేను పక్కన నిలబడి చెప్తా. రేపు నీ బండికి ఎర్త్ పెట్టిందెవరని ఎవరన్నా అడిగితే నీ పేరే చెప్పాల" అన్నాడు. టీకొట్టంతా గొల్లున నవ్వింది. రఫీక్ గరుకు కాగితం తెచ్చిచ్చాడు. రుద్ది రుద్ది నా వేళ్ళు దోక్కుపోయాయి. రెండో కొస మీద బోల్టు బిగించి తాళం తిప్పితే, బాబాయ్, ఆ ముల్లు సగం దగ్గర నుంచి మెల్లగా దిగి, పావు దగ్గరికొచ్చి కదలకుండా నిలబడింది. రెండు నెలల తర్వాత నిలకడగా నిలబడింది.

ఇక కోటమ్మత్త. పోయిన వారం సోమవారం, నువ్వు ఆ ఉత్తరం రాయడానికి రెండు రోజుల ముందు, ఊపిరాడక ఆమెని వాళ్ళబ్బాయి అంబులెన్సులో పేటకి తెచ్చాడు. అది నీకు రాయలేదు, భయపడతావని. శనివారం దాకా అక్కడే ఉంచి డయాలసిస్ చేశారు, ఆ గండం గడిచింది గానీ, ఇంటికొచ్చాక మళ్ళీ పాత పాటే, రానని. నిన్న సర్దార్ నాతోపాటు వాళ్ళింటికి వచ్చాడు. గుమ్మంలోనే, "అత్తా, ఇంక భయం లేదు, బండికి ఎర్త్ పెట్టేశాం" అన్నాడు. ఆమె మంచం మీద లేచి కూర్చుంది. "ఎర్త్ పెట్టిన బండి నేనెక్కనురా నాయనా!" మాస్టారు గారు వచ్చి బొగ్గుతో గోడ మీద బొమ్మ గీసి, కరెంటు పోయే దారీ వచ్చే దారీ పాఠం చెబితే గానీ నమ్మలేదు. నమ్మిందో, ఆ పాఠం ఆపించడానికి సరేనందో తెలీదు.

ఈ రోజు ఉదయం అయిదున్నరకి బయల్దేరాం. నేను కావాలనే డీజిల్ పోయించలేదు. తిట్టకు. సర్దార్ క్యాను పట్టుకుని బైకు మీద వెనకాలే వస్తున్నాడు. ముల్లు నిజం చెబుతుందో లేదో నాకు తెలియాలి కదా. సగం దారి దాటాక ముల్లు ఎర్రగీత దగ్గరికి దిగింది. నలుగురు పేషెంట్లూ మెడలు చాచి ఆ ముల్లునే చూస్తున్నారు. ఎర్రగీత తాకగానే కోటమ్మత్త నా భుజం మీద ఒక్కటిచ్చింది. "ఆపవే! పడిపోయింది! పోయించు!"

బంకు ఎదురుగానే ఉంది. బండి ఆగిపోకుండా, నా అంతట నేనే తిప్పి ఆపాను. మీటరు ఖాళీ చూపించిందని సంబరపడి చప్పట్లు కొట్టిన ప్యాసింజర్లని ఆ బంకు పిల్ల ఎప్పుడూ చూసి ఉండదు. పైపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సర్దార్ వచ్చి క్యాను చూపించి, "ఇక ఇది నేను తీసుకెళ్ళిపోతా" అని వెనక్కి తిప్పాడు. వెళ్ళేముందు, "ఉస్తాద్‌కి రాస్తావుగా, జనవరిలో ఒక వారం షెడ్డుకి రమ్మను. నాకు చెప్పనివి ఇంకా ఏమేం ఉన్నయ్యో పలక మీద రాసి చూపించమను" అన్నాడు. మానస సరేనంటే నేనే వచ్చి నిన్ను జీపులో తెస్తాను. ఇప్పుడు ఎంత దూరమైనా రాగలను.

ఎనిమిదింబావుకి ఇక్కడున్నాం. అందరికన్నా ముందు కోటమ్మత్తనే లోపలికి పిలిచారు. నర్సు చెయ్యి పట్టుకుని రెండడుగులు వేసి, తలుపు దగ్గర ఆగి నావైపు తిరిగింది. ఏదన్నా మర్చిపోయిందేమోనని లేచి వెళ్ళాను.

"కృపా, గురువారం ఎన్నింటికే?" అంది.

నీ కృపామణి.